సాయంకాలపు చదువు ఎవరి సొత్తు?

సాయంత్రం ఏడు గంటలవుతుంది. గుడి గంట మోగుతుంది. ఇంట్లో తల్లి మరియమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి పిల్లల్ని కూర్చోబెట్టి జపమాల మొదలుపెడుతుంది. చాప మీద ఒక చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. "అన్నయ్య ఏడీ?" అని చిన్నవాడు అడుగుతాడు. "కాలేజీకి వెళ్లాడు, నువ్వు ప్రార్థన చెప్పు" అంటుంది తల్లి. మన విచారణల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉండేవి. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం చదువుకున్నవాళ్లు మీ ఇంట్లో కూడా ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు.

అలా ఖాళీగా ఉన్న చోటు ఒకప్పుడు నాది. 1984లో విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో గుమాస్తాగా ఉంటూ సాయంకాల కళాశాలలో బీకాంలో చేరాను. కొట్టు నుంచి అయిదున్నరకు బయటపడి, సైకిలు తొక్కుకుంటూ ఆరింటికి క్లాసులో కూర్చునేవాణ్ణి. తిరిగి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర దాటేది. 1991లో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేశాను. గుమ్మం బయట చెప్పులు విడిచి, చల్లటి గదిలోకి వెళ్లి, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చూస్తూ వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ నేర్చుకున్న రోజులవి. 2001లో బీమా ఏజెంటు శిక్షణకు వెళ్లాను. ప్రైవేటు కంపెనీలకు బీమా రంగం మళ్లీ తెరిచిన తరువాత 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం అప్పట్లో ఏజెంటు కాదలచినవారు 100 గంటల శిక్షణ పొందాలి. ఆ 100 గంటలూ కూడా నాకు సాయంత్రాలే.

వ్యాపారం, కంప్యూటర్, బీమా. ఈ మూడు చదువులూ సాయంత్రాలే నేర్చుకున్నాను. సాయంత్రం చదువుకోవడం మంచిదా కాదా అని మీరు అడిగితే, మంచిదే అంటాను. అందులో నాకు సందేహం లేదు. ఈ వారం మీతో ఆలోచించదలచింది వేరే ప్రశ్న. అలా సంపాదించిన చదువు ఎవరిది? కష్టపడి చదివినవాడిదేనా? అతనికి నచ్చినట్లు వాడుకోవచ్చా?

"ఇదేం ప్రశ్న? నిద్ర మానుకుని చదివింది వాడు, పరీక్ష రాసింది వాడు, వాడిది కాక ఇంకెవరిది?" అని మీరనవచ్చు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

కామర్స్ చదివినవారికి జంటపద్దు విధానం తెలుసు. ప్రతి లావాదేవీకి రెండు వైపులుంటాయి. ఒక ఖాతాలోకి ఏదైనా వచ్చిందంటే మరో ఖాతా నుంచి అది పోయి ఉండాలి. ఈ విధానాన్ని అచ్చులో మొదట వివరంగా రాసినవారిలో ముఖ్యులు ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన గురువు లూకా పచోలి. 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన ఆయన గణిత గ్రంథంలో అదొక భాగం. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతిని ఆయన అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. ఇప్పటికీ ప్రపంచమంతా లెక్కలు రాసేది ఆ పద్ధతిలోనే.

ఈ పాఠాన్ని నేను మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నాను. పరీక్షలో మంచి మార్కులు కూడా వచ్చాయి. కానీ నా సొంత ఖాతా మాత్రం ఒక వైపే రాసుకున్నాను. పట్టా వచ్చింది, జీతం పెరిగింది, పదిమందిలో గౌరవం పెరిగింది. ఇవన్నీ వచ్చిన వైపు. ఎవరి దగ్గర నుంచి పోయి నాకు వచ్చాయో రాసుకోలేదు.

ఇప్పుడు రాస్తాను. నేను బీకాంలో చేరిన సంవత్సరమే మా చెల్లెలు పదో తరగతి పాసయింది. నాకన్నా తెలివైనది. నాన్నగారి ఆరోగ్యం అప్పటికే పాడయింది. ఇద్దరినీ చదివించే స్తోమత ఇంట్లో లేదు. "అన్నయ్య చదివితే ఇల్లు నిలబడుతుంది" అని అమ్మ అంది. చెల్లెలు మాట్లాడలేదు. కుట్టుమిషను ముందు కూర్చుంది. నా పరీక్ష ఫీజుల్లో సగం జాకెట్లు కుట్టిన డబ్బులే. నేను రాత్రి వచ్చేదాకా అన్నం గిన్నె మూతపెట్టి మేలుకుని ఉన్నది అమ్మ. కంప్యూటర్ కోర్సు ఫీజుకు నా భార్య గాజులు తాకట్టులోకి వెళ్లాయి. మా పెద్దవాడు మొదటి అడుగులు వేసింది నేను క్లాసులో ఉన్న ఒక సాయంత్రం. వీళ్లెవరి పేరూ నా పట్టా మీద లేదు.

ఇంటి బయట కూడా బాకీలున్నాయి. పనిచేసుకునేవాళ్లు సాయంత్రం చదువుకునే ఏర్పాటు దానంతట అది రాలేదు. 1823లో లండన్‌లో జార్జి బిర్క్‌బెక్ అనే వైద్యుడు మరికొందరితో కలిసి కార్మికుల కోసం ఒక విద్యాసంస్థ ప్రారంభించారు. ఆయన పేరుతోనే అది నేటికీ లండన్ విశ్వవిద్యాలయంలో భాగంగా సాయంకాలపు చదువులు చెబుతోంది. మనకు దగ్గరలో, బెంగళూరులో, యేసు సభ గురువులు 1972లో సెయింట్ జోసెఫ్స్ ఈవెనింగ్ కాలేజీ తెరిచారు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దానికే 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇలాంటి ప్రతిచోటా, పగలంతా ఒక కాలేజీలో పాఠం చెప్పి, అలసిపోయి కూడా సాయంత్రం మరో క్లాసుకు వచ్చిన అధ్యాపకులున్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఆ వేళకు చాప మీద ఒక చోటు ఖాళీగానే ఉండేది.

పునీత రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1987లో రాసిన విశ్వలేఖలో ఒక మాట వాడారు. సొంత ఆస్తి మీద సమాజపు తాకట్టు ఒకటి ఉంటుందన్నారు. అంటే ఆస్తి నీదే, కానీ దాని మీద ఇతరుల హక్కు కొంత నిలిచే ఉంటుంది. 1991లో రాసిన మరో లేఖలో, ఈ కాలంలో భూమికి ఏమాత్రం తీసిపోని ఆస్తి మరొకటి ఉందని, అది విజ్ఞానం, సాంకేతిక పరిజ్ఞానం, పనితనం అని వివరించారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. చదువు ఆస్తి అయితే, ఆస్తి మీద తాకట్టు ఉంటే, చదువు మీద కూడా తాకట్టు ఉన్నట్లే కదా. నా భార్య గాజులు విడిపించి తెచ్చాను గనుక ఆ బాకీ తీరిందనుకున్నాను. చదువు మీది తాకట్టు అలా డబ్బు కట్టి విడిపించుకునేది కాదు.

మరి దాన్ని ఎలా తీర్చాలి? దీనికి జవాబు ఆ చదువుల్లోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. వ్యాపారం, కంప్యూటర్, బీమా, ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మూడూ మనిషికి పక్కవాడికి కనబడనిది చూసే శక్తినిస్తాయి. లెక్కలు రాసేవాడికి కనిపించేది కొట్టు భాగస్వామికి కనిపించదు. ప్రోగ్రాము రాసినవాడికి తెలిసింది కౌంటరు ముందు నిలబడిన ముసలమ్మకు తెలియదు. పాలసీ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నది ఏజెంటుకు తెలుసు, సంతకం పెట్టే కూలీకి తెలియదు. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉన్న ఆ దూరంలోనే మన నీతి బయటపడుతుంది.

వ్యాపారం సంగతి చూద్దాం. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ అధిపతి స్వయంగా ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నారు. 2015లో కోర్టు శిక్షలు విధించింది. అక్కడ లెక్కలు రానివారు లేరు. పెద్ద చదువులు చదివినవారే రాశారు, పెద్ద చదువులు చదివినవారే తనిఖీ చేసి సంతకాలు పెట్టారు. జంటపద్దు రెండు వైపులూ సరిపోయాయి. రాసిన అంకె మాత్రం నిజం కాదు. ఆ అంకెలు నమ్మి, పిల్లల పెళ్లిళ్ల కోసం దాచుకున్న డబ్బుతో వాటాలు కొన్నవారు నష్టపోయారు.

కంప్యూటర్ విషయానికి వస్తే, బ్రిటన్‌లో జరిగింది మనందరం తెలుసుకోదగినది. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే లెక్కల కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. దానిలోని లోపాల వల్ల లేని లోటు ఉన్నట్లు చూపించేది. చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లు "మేము డబ్బు తీయలేదు" అని మొత్తుకున్నారు. కంప్యూటర్ తప్పు చేయదన్న ధీమాతో వాళ్లమీద కేసులు పెట్టారు. 900 మందికి పైగా దోషులుగా ముద్ర వేయించుకున్నారు. కొందరు జైలుకెళ్లారు, ఇళ్లు అమ్ముకున్నారు. 2019లో అక్కడి హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చింది. 2024లో ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలు రద్దు చేయవలసి వచ్చింది. నేను 1991లో నేర్చుకున్న మొదటి పాఠం, కంప్యూటర్‌కు మనం తప్పు ఇస్తే అది తప్పే తిరిగి ఇస్తుందని. ఆరు నెలల కోర్సు చేసిన మాకే తెలిసిన ఆ సంగతి, ఆ వ్యవస్థ లోపలి విషయాలు తెలిసినవారికి తెలియకపోలేదు. తెలిసినవారు నోరు విప్పనందువల్ల తెలియనివారు జైలుకు వెళ్లారు.

ఇక బీమా. ఇక్కడ నేను ఇతరుల తప్పు చెప్పనక్కరలేదు. నాదే చెబుతాను.

బీమా శిక్షణలో మాకు మొదట చెప్పింది అత్యంత విశ్వాస సూత్రం. మామూలు బేరంలో సరుకు చూసుకునే బాధ్యత కొనేవాడిది. బీమా అలా కాదు. ఒకరికి తెలిసిన ముఖ్య విషయం రెండోవారికి తెలిసే దారి ఉండదు. కాబట్టి ఇద్దరూ తమకు తెలిసిన ముఖ్య విషయాన్ని, అడగకపోయినా, దాచకుండా చెప్పుకోవాలి. 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే ఆంగ్ల న్యాయమూర్తి ఒక తీర్పులో దీన్ని స్థిరపరిచారు. సుమత్రా దీవిలోని ఒక కోటకు తీసుకున్న బీమా గురించి వచ్చిన తగాదా అది. ఇదంతా నోట్సులో రాసుకున్నాను. పరీక్షలో రాసి పాసయ్యాను.

2002 ఫిబ్రవరిలో మా చెల్లెలి భర్తకు లక్ష రూపాయల పాలసీ రాశాను. మార్చి ఆఖరుకు నేను పూర్తి చేయాల్సిన పాలసీలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాళ్ల ఇంట్లో మంచం మీద కూర్చుని ఫారం నేనే నింపుతున్నాను. ఆరోగ్యం గురించిన ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి ఆయన అడిగారు: "బావా, నాకు షుగరుంది కదా, అది రాయాలా?"

"అది రాస్తే పరీక్షలంటారు, ఆలస్యమవుతుంది. మాత్రలతో అదుపులోనే ఉంది కదా, వదిలెయ్యండి" అన్నాను. లేదు అని రాశాను. ఆయన సంతకం పెట్టారు.

పద్నాలుగు నెలలకు ఆయన గుండెపోటుతో పోయారు. పాలసీ తీసుకుని రెండేళ్లు కాలేదు గనుక కంపెనీ విచారణ చేసింది. పాత మందుల చీటీలు దొరికాయి. క్లెయిము తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. కంపెనీని నేను తప్పుపట్టను. అడిగిన ప్రశ్నకు అబద్ధపు జవాబు ఇచ్చినప్పుడు చట్టం వాళ్లకు ఆ హక్కు ఇచ్చింది. నిజం రాసి ఉంటే ఏం జరిగేది? కొంచెం ఎక్కువ ప్రీమియం అడిగేవారు. లేదా వద్దనేవారు. వద్దంటే ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకునేవాళ్లు. ఎలా చూసినా వాళ్లకు కొంతైనా మిగిలేది.

ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. చెల్లెలు దాన్ని నా చేతికిచ్చి చదవమంది. చదివి అర్థం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా అంది: "నువ్వు చదువుకున్నవాడివి కదన్నయ్యా. నీకు తెలుసనుకున్నాం."

నాకు తెలుసు. అదే నా పాపం. తెలియక చేసి ఉంటే పొరపాటు అనుకునేవాణ్ణి. ఆమె చదువు మానుకుని కుట్టిన జాకెట్ల డబ్బుతో నేను నేర్చుకున్న చదువు, ఆమెకు అక్కరకు రావలసిన రోజున ఆమెకే ఎదురు తిరిగింది. ఆమె మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంది.

"సంతకం పెట్టేముందు చదువుకోవాల్సింది వాళ్లే కదా" అని ఒక మిత్రుడు నన్ను ఓదార్చాడు. చట్టం దృష్టిలో అది నిజమే కావచ్చు. సంతకం ఆయనదే. కానీ ఆయన ఫారం నమ్మి సంతకం పెట్టలేదు, నన్ను నమ్మి పెట్టారు. మనవాళ్లలో నూటికి తొంభైమంది అలాగే పెడతారు. అడగవలసినవాడు అడిగాడు. చెప్పవలసినవాణ్ణి నేను. అడగడానికి కూడా తెలియనివాళ్ల విషయంలో చదువుకున్నవాడి బాధ్యత ఇంకా పెరుగుతుందే గాని తగ్గదు.

పాపసంకీర్తనానికి వెళ్లాను. గురువుగారు విన్నారు. "క్షమాపణ వేరు, నష్టపరిహారం వేరు. చెల్లించగలిగినది చెల్లించు" అన్నారు. అప్పటినుంచి నెలనెలా చెల్లెలికి కొంత ఇస్తున్నాను. ఆమె కూతురి చదువు పూర్తయ్యేదాకా ఫీజులు కట్టాను. ఇది చెప్పుకోవడం గొప్పకోసం కాదు. ఆ లక్ష ఎప్పుడో తీరిపోయింది, బాకీ మాత్రం తీరలేదు. అది ఎప్పటికీ తీరేది కాదని కూడా తెలుసు. ఎందుకంటే నేను పోగొట్టింది డబ్బు ఒక్కటే కాదు. చదువుకున్న అన్నయ్య ఉన్నాడనే ధైర్యం పోగొట్టాను.

ప్రియ పాఠకులారా, టైపు ఇన్‌స్టిట్యూట్లు దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు సాయంకాలపు చదువు చాలావరకు ఫోనులోకి వచ్చింది. పిల్లలు పగలు ఉద్యోగం చేసి, రాత్రి తొమ్మిదింటికి చెవిలో పరికరం పెట్టుకుని కంప్యూటర్ పాఠాలు వింటున్నారు. మనిషి ఇంట్లోనే ఉంటాడు, చాప మీద చోటు మాత్రం అప్పటిలాగే ఖాళీ. వాళ్లను ఆపవద్దు. చదవనివ్వండి. కానీ మూడు సంగతులు ఆలోచించమని నా మనవి.

మొదటిది, చదువులో చేరే ముందు ఇంట్లో అందరూ కూర్చుని దాని లెక్క రెండు వైపులా రాసుకోండి. ఎవరి సాయంత్రం పోతోంది, ఎవరి పని పెరుగుతోంది, ఎవరి చదువు ఆగుతోంది? ముఖ్యంగా ఆడపిల్ల చదువు ఆపి మగపిల్లవాణ్ణి చదివించే ఆలోచన ఉంటే, ఆమె మౌనాన్ని సమ్మతి అనుకోకండి. మా ఇంట్లో జరిగిన తప్పు అదే.

రెండవది, నేర్చుకున్నవారు నెలకు ఒక్క ఆదివారం పూజ తరువాత విచారణ హాలులో ఒక గంట కూర్చోండి. బ్యాంకు కాగితం, పాలసీ, కంప్యూటర్‌లో నింపవలసిన దరఖాస్తు పట్టుకుని వచ్చేవాళ్లకు చదివి అర్థం చెప్పండి. ఏమీ అమ్మకండి. తెలిసింది చెప్పండి, చాలు.

మూడవది, బీమా తీసుకునేవారికి. ఫారం ఎవరు నింపినా, సంతకానికి ముందు ప్రతి జవాబూ మీ భాషలో చదివించుకోండి. ఉన్న జబ్బు దాచకండి. దాచమన్నవాడు, సొంత బావమరిది అయినా సరే, మీ మేలు కోరేవాడు కాదు. పాలసీ చేతికి వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోగా తిప్పి పంపే హక్కు మీకుంది. 2015లో మార్చిన చట్టం ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని కంపెనీ ఏ కారణం చూపీ ప్రశ్నించలేదు. అయినా ఆ మూడేళ్లూ గడుస్తాయని ఎవరం చెప్పగలం? పద్నాలుగు నెలల్లో ఏం జరగవచ్చో మా ఇంటికి తెలుసు.

ఆ తిరస్కరణ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. బీకాం పట్టా ఉన్న ఫైలులోనే, దాని వెనకే పెట్టాను. నెలకొకసారి విచారణ హాలుకు వెళ్లే ముందు ఆ ఫైలు తీసి రెండూ చూసుకుంటాను. మీ ఇంట్లో కూడా అలాంటి పట్టాలు ఉండే ఉంటాయి. ఈ వారం ఒకటి బయటికి తీసి, దాని మీద లేని పేర్లు ఎవరివో ఇంట్లో అందరి ముందూ చెప్పండి. ఆ మనుషులు బతికి ఉంటే, ఆ చదువు వాళ్లకు ఇవాళ ఏ విధంగా పనికొస్తుందో వాళ్లనే అడగండి.